చేదు లేని మాత్రలు

కొక్కెం గుచ్చి లాగగానే ఐసు దిమ్మ తడి నేల మీద జారుకుంటూ వచ్చింది. తాతబాబు కాలు అడ్డం పెట్టి ఆపాడు. నడుం వంచి తిప్పాడు. క్రషర్ నోట్లోకి తోశాడు. లోపలి పళ్ళచక్రం దాన్ని కరకరా నమిలింది. పొడైపోయిన ఐసు గొట్టంలోంచి జెట్టీ పక్కన ఆగిన బోటు కడుపులోకి దూకింది. మళ్ళీ కొక్కెం. మళ్ళీ దిమ్మ.

చీకటుండగా మొదలైన పని. వేట నిషేధం నిన్నటితో ముగిసింది. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ ఒక్కసారే సముద్రం మీదికి పోవాలని తొందరపడుతున్నాయి. ఐసు లేకుండా ఏ బోటూ కదలదు. రెండు నెలలు మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీకి ఇప్పుడు ఊపిరి సలపడం లేదు. ఇక్కడ ఏ రోజు కూలి ఆ రోజుదే. రానివాడి కొక్కెం అప్పటికప్పుడే ఇంకొకడి చేతికి పోతుంది. గేటు బయట మనుషులు నిలబడే ఉన్నారు.

అందుకే తాతబాబు వచ్చాడు. వణుకుతూ వచ్చాడు.

ఐసు ఫ్యాక్టరీలో ఒక సుఖం ఉంది. ఇక్కడ వణికేవాణ్ణి ఎవరూ వింతగా చూడరు. భుజం మీద గోనె కప్పుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, ముక్కు మండించే గ్యాసు వాసనలో అందరూ ఎంతో కొంత వణుకుతూనే ఉంటారు. కానీ పైన గొలుసు క్రేన్ దగ్గర నిలబడ్డ బావమరిది వరసైన కోటి కళ్ళు చురుకైనవి.

"ఏటి బావా! ఐసుకే సలెక్కించీలాగున్నావ్!"

"నీ పని నువ్వు సూస్కోరా."

"మళ్ళీ జొరమేటి?"

"ఆఖరి మాత్రుంది. మజ్జాన్నం ఏసీసుకుంటే అయిపోద్ది."

"కిందటిసారీ ఇదే కూత కూసినావు."

తాతబాబు మళ్ళీ కొక్కెం అందుకున్నాడు. కిందటిసారి తప్పు మందుది కాదు, తనది. ఆ సంగతి కోటికి తెలీదు.

నిషేధంలో పని లేక అతను పాడేరు వైపు రోడ్డు పనికి వెళ్ళాడు. కొండల్లో గుడారాల్లో పడుకున్నాడు. కూలితో పాటు జ్వరం కూడా తెచ్చుకున్నాడు. హార్బర్ గేటు దగ్గర ల్యాబులో వేలు గుచ్చి చూసి మలేరియా అన్నారు. ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తారని తెలుసు. కానీ అంత దూరం వెళ్ళే ఓపిక లేదు. పక్కనే మందుల షాపు ఉంది. పెళ్ళాం గురువమ్మ చెవుల దుద్దులు తాకట్టుకు వెళ్ళాయి, మాత్రలు ఇంటికొచ్చాయి.

తగరపువలస దగ్గర వాళ్ళ ఊళ్ళో, చిన్నప్పుడు, మలేరియా మాత్ర అంటే పిల్లలు పెరళ్ళలోకి పారిపోయేవారు. అమ్మ బెల్లంలో దాచి మింగించినా ఆ చేదు మర్నాటిదాకా గొంతు వదిలేది కాదు. ఈ మాత్ర నాలుక మీద సుద్దముక్కలా కరిగింది. కొన్నయితే రేకులోనే పొడిగా రాలాయి. ఆ పొడి కూడా వృథా చెయ్యకుండా అరచేతిలో వేసుకుని నాకేశాడు.

"ఒలే, సేదే నేదే! మందులెంత బాగుపడిపోనాయో సూడు," అని పెళ్ళాంతో మురిసిపోయాడు.

జ్వరం తగ్గినట్టే తగ్గింది. ఆ సాయంత్రం పక్కింటివాళ్ళు తెప్ప మీద తెచ్చిన కానాగంత చేపలు నాలుగిస్తే, గురువమ్మ తన మట్టుకు పులుసు పెట్టుకుంది. ఆ వాసనకి తాతబాబు మంచం మీద లేచి కూర్చున్నాడు. మందు తింటున్నన్నాళ్ళూ నీచూ పులుపూ ముట్టకూడదు. అది పత్యం. ఇద్దరికీ తెలుసు.

"కూసింతెట్టే. నోరు సచ్చిపోనాది."

ఆవిడ కాదంది. తర్వాత అతని చిక్కిన మొహం చూసింది. రెండు ముద్దలు కలిపి పెట్టింది.

మర్నాడు జ్వరం తిరగబెట్టింది.

మందుల షాపు దేవీప్రసాద్ చెడ్డవాడేమీ కాదు. ఖాళీ రేకు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి మందే ఇది. కొత్త కంపెనీ, రేటు కూడా తక్కువ. అందరికీ ఇదే ఇత్తన్నాను," అన్నాడు. తర్వాత మామూలుగానే అడిగాడు. "పత్యం సేశావా?"

తాతబాబు తల వాలిపోయింది. చెప్పాల్సిందంతా ఆ తలే చెప్పేసింది.

"అదీ సంగతి! నువ్వు పులుసులు జుర్రుకుంటే మందేటి సేత్తాది?"

పెద్దాసుపత్రికి పోదామని గురువమ్మ మొత్తుకుంది. అక్కడి డాక్టరూ అదే అడుగుతాడు. నలుగురి ముందు చీవాట్లు పెడతాడు. ఎందుకొచ్చిన గొడవ? తాతబాబు మళ్ళీ అవే మాత్రలు కొన్నాడు. ఈసారి మాత్రం పత్యం అంటే పత్యం. గంజి, రొట్టె. మజ్జిగ చుక్క కూడా ముట్టలేదు. చుట్టూ ఇళ్ళలో తెప్పల మీద తెచ్చిన చేపలు వేగే చోట పుట్టెడు నిగ్రహంతో తల తిప్పుకుని నడిచాడు. జ్వరం వస్తూనే ఉంది. ఎలా పోతుంది? కోర్సు పూర్తవ్వాలి కదా! పూర్తయ్యేది ఈ రోజే.

మధ్యాహ్నం జెట్టీ అంచున నీడ చూసుకుని ఆఖరి మాత్ర మింగాడు. కోటి క్యారేజీ మూత తీసి వేయించిన చేపముక్క ముందుకు చాచాడు.

"ఒక్క ముక్క బావా. నాలిక్కి తగిలితే పేనం లేచొత్తాది."

"ఒగ్గీరా. ఈ పూటొక్కటీ దాటనీ. రేపు మీ అప్ప వొండుతాది. పిలుత్తాన్లే, వొద్దువు."

ఎదురుగా బోటు మీద కుర్రాళ్ళు పసుపు రాసిన బోటు ముక్కుకి, అణియానికి, టెంకాయ కొడుతున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళెవరూ తాతబాబును పేరు పెట్టి పిలిచింది లేదు. 'ఐసాయనా' అంటే అతనే. పొలం చాలక పట్నం వచ్చిన మనిషి, నీళ్ళంటే భయం. ఒక్కసారైనా బోటెక్కలేదు. అతను తోసిన ఐసులో పడుకుని చేపలు అతను పేరు కూడా వినని ఊళ్ళకి వెళ్ళేవి. సాయంత్రం ఇంటికెళ్ళాక పగిలిన అరచేతులకి గురువమ్మ కొబ్బరినూనె రాస్తుంటే, ఆ చేతులే కాసేపు అతనికి చుట్టాల్లా అనిపించేవి. అంతకు మించి జీవితాన్ని అతనూ ఏమీ అడగలేదు.

పొద్దు వాలుతుండగా కొక్కెం జారి కిందపడింది. తాతబాబు వంగి తీయలేదు. దిమ్మ మీదే కూర్చుండిపోయాడు.

"దూడని కట్టీసినావా, నాన్నా?" అన్నాడు కోటి వైపు చూస్తూ. "వానొచ్చీలాగుంది."

కోటి పెద్దగా నవ్వాడు. తర్వాత దగ్గరికొచ్చి ఆ కళ్ళు చూశాడు. పచ్చగా ఉన్నాయి. కోటిని దాటి ఎక్కడికో చూస్తున్నాయి. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఓరి దేవుడో! ఆటో! ఆటో పిలండ్రా!"

గురువమ్మ ఆసుపత్రికి చేరేసరికి అతని చేతికి సెలైన్ పెట్టారు. సూది మందూ ఎక్కిస్తున్నారు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, మంచం కూడా కదులుతోంది. కోటి బయట ఎవరికో ఫోన్లు చేస్తున్నాడు. ఆవిడ అతని పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని అరచేతులతో రుద్దుతూ కూర్చుంది. అలా ఎంతసేపు రుద్దిందో. హార్బర్‌లో బోట్లు ఒక్కొక్కటే సముద్రంలోకి కదిలే వేళకి వణుకు తగ్గింది. తర్వాత పూర్తిగా ఆగిపోయింది.

గురువమ్మ మొహం విప్పారింది. "అమ్మా, నర్సమ్మా! జొరం దిగీసినాది! మాత్ర పని సేసినాది!"

నర్సు పరుగున వచ్చింది. మణికట్టు పట్టుకుంది. డాక్టర్ని పిలిచింది. డాక్టరు చాలాసేపు ప్రయత్నించాడు. తర్వాత దుప్పటి పైకి లాగాడు.

కోటి తెచ్చిచ్చిన ఖాళీ రేకు ఆ డాక్టరు బల్ల మీద ఉంది. అడుగున అంటుకున్న తెల్ల పొడిని అతను వేలితో నలిపి చూశాడు. చిన్నవాడు.

"అమ్మా, ఇలాంటి రేకులతో ఈ మధ్య ఇంకొంతమంది వచ్చారు. ఇందులో మందు ఉండాల్సినంత లేదని నా అనుమానం. పరీక్షకి పంపిస్తున్నాను."

గురువమ్మ తల అడ్డంగా ఊపింది.

"మందు మంచిదే బాబూ. నానే పులుసెట్టీసినాను. మందు తింతన్న మనిసికి నా సేత్తోనే ఎట్టీసినాను."

"పులుసుకీ దీనికీ సంబంధం లేదమ్మా. నన్ను నమ్మండి. మీరు తప్పేం చెయ్యలేదు."

"మీరు మంచోరు బాబూ, అలాగే అంతారు. మా ఇంటాయనే సెప్పినాడు, శానా మంచి మందని. సేదు కూడా నేదన్నాడు."

డాక్టరు రేకును కవర్లో వేసి, పైన రాయడానికి పెన్ను తీశాడు.

మర్నాడు అంతా అయిపోయాక ఆడవాళ్ళు గురువమ్మను నడిపించుకొచ్చి ఇంట్లో కూర్చోబెట్టారు. ఎవరో దీపం వెలిగించారు. ఎవరో మంచినీళ్ళు తేవడానికి వంటగట్టు దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయారు. నిన్న కబురు రాకముందు, పత్యం తీరుతుందని ఆవిడ తొందరపడి నానబోసిన చింతపండు, సత్తుగిన్నెలో మెత్తగా ఉబ్బి, ఇంకా నానుతూనే ఉంది.