మైకమ్మ

"...మరికొద్దిసేపట్లో ప్లాట్‌ఫారం మీదికి వచ్చును" అని అంటుండగానే కరెంటు పోయింది. మైకమ్మ మాత్రం ఆగలేదు. మిగిలిన మాటలు గోడలకు చెప్పి ముగించింది. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే చేరిన అనౌన్సరు ఉద్యోగం. బస్టాండులో ఆ గొంతు తెలియనివాళ్లు లేరు, ఆ మనిషిని ఎరిగినవాళ్లూ లేరు. సన్నటి మనిషి, ముందుకు వంగిన మెడ. కూరగాయల బేరం దగ్గర నోరు విప్పితే మాత్రం, బస్సొచ్చిందేమోనని జనం సంచులు సర్దుకునేవారు.

కిటికీ ఊచలు పట్టుకుని ఒక చంటిబిడ్డ తల్లి ఏడుస్తోంది.

"అక్కా, మా మామయ్య కనబడటం లేదు! మతిమరుపు మనిషి. టికెట్ తీసుకుని వెనక్కి తిరిగేసరికి పాపను ఎత్తుకుని ఎటో వెళ్లిపోయాడు."

మైకమ్మ మైకు మీట నొక్కి చూసింది. ఉలుకూ పలుకూ లేదు.

"ఏడవకు. నాతో రా!"

చెప్పులు కూడా మరిచి పరుగెత్తింది. రోడ్డుకు ఇవతల మసీదు, అవతల గుడి, దాన్ని ఆనుకుని చర్చి. కరెంటు పోయినా మసీదు మైకు బ్యాటరీ మీద మోగుతుందని ఆమెకు తెలుసు.

మసీదు పెద్దాయన సంగతి విన్నాడు. "నేను చెబుతానులేమ్మా. ఈ మైకులో ఆడగొంతు ఎప్పుడూ..." అంటూ బిడ్డ తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. "కాదు, నువ్వే చెప్పు. నీ గొంతయితే ఊరంతా చెవి ఒగ్గుతుంది. అడిగేవాళ్లకు నేను జవాబు చెప్పుకుంటాను."

"దయచేసి గమనించండి," అని మైకమ్మ అలవాటుగా మొదలుపెట్టింది. ఆ తరువాత రావలసినవి బస్సు నంబర్లు. ఆమె మైకును రెండు చేతులా పట్టుకుంది. "అమ్మా, నాయనా, మీ కాళ్లు పట్టుకుంటాను. తెల్లగడ్డం తాత, చేతిలో పసిబిడ్డ. ఎక్కడ కనబడినా వదలకండి!"

గుడిలో భజన టక్కున ఆగింది. చర్చిలో పాట ఆగింది. జనం బిలబిలమంటూ వీధిలోకి వచ్చారు.

ముందు చూసింది మైకమ్మే. మసీదు కిటికీకి ఎదురుగా, రోడ్డు అవతలి గట్టున, బిడ్డను భుజాన వేసుకున్న ముసలాయన తన బస్సును పిలుస్తున్నారనుకుని, గొంతు వినబడిన వైపు నవ్వుతూ రోడ్డు మీదికి దిగుతున్నాడు. మలుపులో లారీ దూసుకొస్తోంది.

"తాతయ్యా, అక్కడే ఆగు! నీ బస్సు అక్కడికే వస్తుంది!" అంది మైకులోనే.

ముసలాయన బుద్ధిగా నిలబడిపోయాడు. పూజారి పంచె ఎగగట్టి లారీకి అడ్డంగా చేతులు చాపాడు. చర్చిలోంచి వచ్చిన పాటగత్తె ఒక్క అంగలో బిడ్డను అందుకుంది. లారీ కీచుమంటూ పూజారికి బారెడు దూరంలో ఆగింది. వీధి వీధంతా ఒక్కసారిగా కేక పెట్టింది. ఎవరు ఎవరిని కౌగిలించుకుంటున్నారో ఎవరికీ పట్టలేదు.

తల్లి బిడ్డను గుండెలకు అదుముకుని అందరికీ మొక్కుతుంటే, "మొక్కులు తరవాతమ్మా, ముందు మంచినీళ్లు! గుండె ఇంకా నోట్లోనే ఉంది," అన్నాడు పూజారి. మసీదు పెద్దాయన కూజా తెచ్చాడు. పూజారి తాగి పాటగత్తెకు అందించాడు.

"పద తాతయ్యా," అంటూ వచ్చిన మైకమ్మను ముసలాయన ఎగాదిగా చూశాడు. "నువ్వేనా ఆ గొంతు? ఇంత చిన్నదానివా తల్లీ!"

అందరూ గొల్లున నవ్వారు. ఆమె కూడా నవ్వింది, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ.

బస్సు వచ్చేదాకా తాతనూ తల్లీబిడ్డలనూ తన గదిలోనే కూర్చోబెట్టుకుంది. కరెంటు ఇంకా రాలేదు. బస్సు రాగానే ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఉత్త గొంతుతోనే కేక వేసింది. జనం ఆమె ముఖంలోకి చూశారు. కిటికీలోంచి ముసలాయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. బస్సు మలుపు తిరిగింది.

గదిలోకి వచ్చి చూస్తే, వాళ్లు కూర్చున్న బెంచీ మీద పసుపుపచ్చ గిలక్కాయ ఒకటి, పిడి ఇంకా ఎంగిలి తడితోనే ఉంది.