ధర చీటీల వెనక

పాత పుస్తకాలమ్మేవాడికి పుస్తకాలంటే ప్రాణమని ఎవడు పుట్టించాడో గాని, వాడు ఒక్కనాడైనా పుస్తకాల పెట్టె మోసి ఉండడు. నేను పాతికేళ్ళు మోశాను. పదిహేనో ఏట బడి మాన్పించి నన్ను ఉన్ని మిల్లులో వేశారు. మిల్లు మూతపడ్డాక మార్కెట్ హాల్లో ఈ అంగడి నా నెత్తిన పడింది. ఒకపక్క వెరా నడిపే చీజ్ కొట్టు, ఇంకోపక్క గోడ. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు ఆ భయం లేదు.

అక్టోబరులో ఒక మంగళవారం, వానలో, మిస్ క్రాబ్‌ట్రీ వచ్చింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. చిన్నపిల్లల బడిలో నలభై ఏళ్ళు పనిచేసింది. తడి గొడుగును పుస్తకాలకు దూరంగా పెట్టింది. అదొక్కటే నచ్చింది నాకు.

“కెతూరా లంబ్ పుస్తకాలేమైనా ఉన్నాయా, నాయనా?”

“ఉండక ఎక్కడికి పోతాయి? చదివేవాళ్ళే లేరు. పబ్బులవాళ్ళు గోడల మీద అలంకారానికి గజాల లెక్కన పట్టుకుపోతున్నారు. మీకెన్ని గజాలు కావాలి?”

“సిగ్గులేకపోతే సరి,” అంది వెరా చీజ్ కోస్తూ. “ఆవిడ టీచరమ్మ!”

కెతూరా లంబ్ విక్టోరియా రాణి రోజుల్లో మా ఊళ్ళోనే ఉండి పిల్లల కథలు రాసింది. ఎబెనేజర్ చాపెల్ అనే చిన్న చర్చిలో ఆదివారం బడి నడిపేది. ఏడాది చివర పిల్లలకు ఆవిడ పుస్తకమే బహుమతి. అందుకే ఈ లోయలో ఎవరి అటక దులిపినా ఒకటి రాలుతుంది.

మిస్ క్రాబ్‌ట్రీ ఒక పుస్తకం తీసి అట్ట తెరిచింది. మూసింది. ఇంకొకటి తెరిచింది. ఆరు పుస్తకాలు అలాగే చూసి నా స్టూలు మీద కూర్చుంది.

“కథలు నాకు నోటికొచ్చు. నాక్కావలసింది అట్ట వెనక ఖాళీగా ఉండే మొదటి పేజీ. దేంట్లోనూ లేదే!”

ఆవిడ చెబుతుంటే వింటూ నిలబడ్డాను. కెతూరా ఉత్తరాలు లేవు, డైరీ లేదు, ఫోటో లేదు. లైబ్రరీ చూసింది, జిల్లా రికార్డుల ఆఫీసు చూసింది, చాపెల్ బీరువాలో చెమ్మకి ముద్దయిపోయిన కాగితాలూ చూసింది. దొరికిందల్లా ఒక పెళ్ళి రిజిస్టరులో సాక్షి సంతకం. దాని నకలు సంచిలో పెట్టుకు తిరుగుతోంది. ఊరి చరిత్ర సంఘంవాళ్ళు ఒక పుస్తకం వేస్తున్నారు, నెలాఖరుకి అచ్చుకి పోతుంది. అందులో కెతూరాకి నాలుగు లైన్లు: అన్నీ ఒకే మూసలో నీతికథలు, పిల్లలంటే ఆమెకు హాజరు పట్టీలో పేర్లు మాత్రమే.

“మా అమ్మమ్మ ఆవిడ దగ్గర చదువుకుంది,” అంది మిస్ క్రాబ్‌ట్రీ. “ఏ పిల్ల పుస్తకంలో ఆ పిల్లకే సొంతంగా రాసిచ్చేదట. ఒకరిది ఇంకొకరికి అతకదట. అమ్మమ్మ పుస్తకం వరదలో పోయింది. నేను చెబితే సంఘంలో నవ్వారు. సాక్ష్యం చూపించమన్నారు. ఒక్క పేజీ చాలు, నాయనా.”

నాకు తేలు కుట్టినట్టయింది. కుట్టిన దొంగలాగే ఊరుకున్నాను.

“చెప్పవయ్యా ఎల్లిస్,” అంది వెరా. “నాలిక అంగిట్లో అతుక్కుందా?”

“చించేశాను,” అన్నాను. “మొదటి పేజీలన్నీ నేనే చించేశాను. గీతలున్న పుస్తకం కొనరని ఈ అంగడి పాత యజమాని నేర్పాడు. ఇనప స్కేలు పెట్టి లాగితే తెలియకుండా వచ్చేస్తుంది.”

ఆవిడ కళ్ళద్దాల మీంచి నన్ను చూసింది. బడిపిల్లల్ని ఎన్నోసార్లు అలా చూసి ఉంటుంది.

“కాల్చావా?”

“లేదు. పాత కాగితం గట్టిది, పెన్సిలు బాగా పడుతుంది. నాలుగు ముక్కలు చేసి…”

చేతికందిన పుస్తకంలోంచి ధర చీటీ లాగాను. ముప్పై పెన్నీలు, నా రాత. వెనక్కి తిప్పాను. ఖాళీ. ఇంకొకటి లాగాను. వెనక గోధుమరంగు సిరాతో సగం మాట.

వెరా కత్తి కింద పెట్టి వచ్చింది. “ఓరి నీ అసాధ్యం కూలా! అంగడంతా అవేనా?”

మూడు వేల పుస్తకాలు. శనివారం దాకా వెతికాం. పై అరలు నిచ్చెన మీద నేను, కింది అరలు స్టూలు మీద ఆవిడ. వెరా టీ పోసింది, అల్లం కేకు కోసిపెట్టింది, వచ్చినవాళ్ళందరికీ నా ఘనకార్యం వినిపించింది. చాలా చీటీలు ఖాళీవి, కొన్ని వేరే చాపెళ్ళవి. సిరారాత కనిపించినప్పుడల్లా మిస్ క్రాబ్‌ట్రీ పెళ్ళి సంతకం పక్కన పెట్టి భూతద్దంతో చూసేది.

గురువారం రెండు ముక్కలు అతికాయి. “మార్తా, ప్రార్థనలో నవ్వినందుకు నిన్ను బయట నిలబెట్టాను. తలుపు వేశాక నేనూ నవ్వాను.”

ఇంకొకటి సగమే దొరికింది. “పొయ్యి పక్క చోటు చిన్నవాళ్ళకిచ్చి చలి లేదన్నావు. నీ పెదవులు నీలంగా ఉన్నాయి, సేలా.”

మిస్ క్రాబ్‌ట్రీ కళ్ళద్దాలు తుడుచుకుంటూనే ఉంది. శనివారం, వంటల పుస్తకాల్లోంచి వచ్చిన మూడు ముక్కలు నా చేతిలో పెట్టి, “నువ్వు చదువు, నాయనా. నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి,” అంది.

చదివాను. “ఆమోస్, పదకొండు ఆదివారాలు వచ్చావు, తొమ్మిదింటిలో నిద్రపోయావు. ఆరు రోజులు మిల్లులో నిలబడే కాళ్ళు నీవి. బహుమతి ఇవ్వకూడదని పెద్దలన్నారు. నిన్ను లేపవద్దని నేనన్నాను. నిద్రలో నువ్వు…”

నాలుగో ముక్క లేదు. ఏ పుస్తకంతోనో ఎవరింటికో పోయింది.

పదహారో ఏట నేను మిల్లు దిగి సాయంత్రం బడికి వెళ్ళేవాణ్ణి. మూడోవారం బల్ల మీద తల పెట్టి నిద్రపోయాను. మాస్టారు లేపి, పడుకోవడానికి ఇల్లుంది గదా అన్నాడు. మళ్ళీ వెళ్ళలేదు. ఇది వెరాకి కూడా చెప్పలేదు. మిస్ క్రాబ్‌ట్రీకి ఎందుకు చెప్పానో తెలియదు. ఆవిడ తన కేకు ముక్క నా సాసరులో పెట్టింది.

ఇరవై మూడు ముక్కలు పట్టుకుని సోమవారం సంఘానికి వెళ్ళింది. ఏ రెండు రాతలూ ఒకలా లేవు. మొదట నవ్వినవాళ్ళు ఈసారి నవ్వలేదు.

క్రిస్మస్ ముందు పుస్తకం వచ్చింది. ఒక ప్రతి తెచ్చి నా చేతికిచ్చింది. నాలుగు లైన్లు పోయి రెండు పేజీలయ్యాయి. చివర ఆధారాల పట్టీ. పెళ్ళి రిజిస్టరు కింద ఇలా ఉంది: లంబ్ చేతిరాత, ఇరవై మూడు ముక్కలు. భద్రపరచినవారు: ఎల్లిస్ హారప్, మార్కెట్ హాలు.

“భద్రపరచానా!” అన్నాను. “ఇది పచ్చి అబద్ధం టీచరమ్మా. చించినవాడు అని వేయించాల్సింది.”

“చించకపోతే అవన్నీ ఈపాటికి ఏ పబ్బు గోడ మీదో ఉండేవి,” అంది. “నీకేం రాయాలో రెండు రాత్రులు ఆలోచించాను. ఇంకెవరికీ అతకదది.”

“ఇప్పుడు వీణ్ణి పట్టలేం,” అంది వెరా.

పుస్తకాన్ని అమ్మకానికి పెట్టలేదు. ఆ ఇనప స్కేలు వెరా చీజ్ కాగితాలు కోయడానికి అడిగితే ఇచ్చేశాను. అమ్మిన పుస్తకాలు తిరిగి నా దగ్గరికే వస్తుంటాయి గనక, ఇప్పటికీ ఎవరేం కొన్నా, కాగితంలో చుట్టే ముందు చీటీ లాగి వెనక్కి తిప్పి చూస్తాను. వెనకున్నవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆమోస్ నిద్రలో ఏం చేసేవాడో నాకింకా తెలియాలి.