మా ఇంటి కన్నుముంజలు

నాకు నోరెక్కువని మా ఊళ్ళో చెప్పుకుంటారు. నిజమే. కోయంబత్తూరు దగ్గర, తుడియలూరు పక్కన, నల్లరేగడి చేల నడుమ ఉన్న మా నలభై తెలుగు ఇళ్ళలో ఈ పాంచాలి నోటికి జడవని మనిషి లేదు. అలాంటి నోరు ఒకసారి తెరవాల్సిన చోట తెరవలేదు. ఆ సంగతే చెబుతాను.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొత్త కోడలు అత్తింట మొదటి ఉగాదికి తన పుట్టింటి తీపి ఒకటి చేసి పెద్దల ముందు పెట్టాలి. ఏదో ఒక తీపి అయితే చాలదు. మా పెద్దలు తుంగభద్ర దాటి ఇటు వచ్చినప్పుడు వాళ్ళ వెంట వచ్చిన తీపి అయి ఉండాలి. మావాళ్ళకు మంచిదేదైనా ఉత్తరాన్నుంచి రావలసిందే. ఎడ్లు అక్కడివే, విత్తనం అక్కడిదే, దేవుడూ అక్కడివాడే. ఇక్కడికి వచ్చి మూడు వందల ఏళ్ళయినా ఇక్కడ నేర్చుకున్నది ఒక్కటీ లేనట్టే మాట్లాడతారు.

నేను కోడలిగా వచ్చేసరికి నాకు పదిహేనేళ్ళు. కుంపినీవాళ్ళు కోయంబత్తూరులో కచేరీ పెట్టిన కొత్త. మా అమ్మ నా పురిట్లోనే పోయింది. మేనత్త దగ్గర పెరిగాను, ఆవిడ నన్ను పొయ్యి దరిదాపులకు రానిస్తే కదా. ఉగాది రెండు రోజులుందనగా మా తాటితోపులో కూర్చుని ఏడుస్తుంటే వీరాయి చూసింది. తోపులో చెట్లెక్కే ఆండియప్ప పెళ్ళాం ఆమె.

ఎందుకేడుస్తున్నావని అడిగింది. చెప్పాను. ఆమె ఒక లేత కాయ చెక్కి ముంజ తీసింది. పొర ఒలిచి, తుమ్మముల్లుతో చిన్న కన్నం పొడిచి, లోపలి నీళ్ళు వంపేసింది. ఆ ఖాళీలో చల్లారిన తాటిబెల్లం పాకం పోసి, కన్నానికి ఒక ఏలకగింజ అడ్డం పెట్టింది. తెల్లటి ముంజ నడుమ నల్లటి పాకం అచ్చం కన్నులా ఉంది. చెట్లెక్కేవాళ్ళు వాటిని కన్నుముంజలంటారట.

“ఏడవకుండా తిను అమ్మణీ” అని నా చేతిలో పెట్టింది.

ఆమె కులంవాళ్ళు ఒలిచిన కాయ తినొచ్చు గాని, వాళ్ళ పొయ్యి మీద వండింది మావాళ్ళు తినకూడదు. నేను తిన్నాను. అంత చల్లటిది, అంత తియ్యటిది నేను అప్పటిదాకా ఎరగను.

చేయడం ఎంత తేలికంటే, పొయ్యి మీద పని పాకం ఒక్కటే. కొబ్బరిపాలు కొత్త కుండలో పోసి ఆ కుండను తడి ఇసుకలో పాతిపెట్టాలి. వడ్డించే ముందు మాత్రమే ముంజలు పాలలో వదలాలి. ముందే వదిలితే పాకం కారి పాల రంగు చెడుతుందని వీరాయి రెండుసార్లు చెప్పింది.

ఉగాదినాడు పెద్దలంతా తిన్నారు. ఇది ఎవరి తీపి అని మా అత్త అడిగింది. మా అమ్మమ్మదన్నాను. తుంగభద్ర ఒడ్డున వాళ్ళిళ్ళలో చేసేవారట అని కూడా అన్నాను. ఎవరూ అడక్కుండానే ఆ రెండో ముక్క నా నోట్లోంచి వచ్చేసింది.

ఇక దానికి తిరుగు లేకపోయింది. మా ఇంటాయన పెరుమాళ్‌సామి ఊరికి మణియం, అంటే మునసబు, అయ్యాక, శిస్తు లెక్కల జమాబందికి వచ్చిన గుమాస్తాలకూ అదే, ఊళ్ళో పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకూ అదే. పాంచాలి ఇంటి కన్నుముంజలని పేరు పడిపోయింది. ముప్పై ఏళ్ళు! ప్రతి వేసవిలో ముంజలు తెచ్చి మా పెరటి గుమ్మం బయట కూర్చుని ఒలిచిపెట్టేది వీరాయే. లోపల నేను మా అమ్మమ్మ కథ చెబుతుంటే ఆమెకు ప్రతి మాటా వినబడేది. ఒక్కరోజైనా తలెత్తి చూడలేదు. మొదటి రెండేళ్ళు నాకు సిగ్గుగా ఉండేది. తరువాత ఆ అమ్మమ్మను నేనే నమ్మడం మొదలుపెట్టాను.

మొన్న వేసవిలో వీరాయి మనవరాలు తంగానికి సంబంధం కుదిరింది. మేట్టుపాళయం నుంచి మగపెళ్ళివారు వచ్చారు. నేనూ మా ఆడపడుచు రామక్కాళూ చేనినుంచి వస్తూ తోపు పక్కగా నడుస్తున్నాం. వీరాయి గుడిసె ముందు పందిరి, పందిరి కింద చుట్టాలు, అందరి చేతుల్లో తాటాకు దొన్నెలు. దొన్నెల్లో కన్నుముంజలు.

రామక్కాళ్ నాకంటే రెండాకులు ఎక్కువ చదివింది. ఆపేలోపే పందిరి కిందికి పోయింది. నిజం చెప్పాలంటే నేను ఆపలేదు.

“ఏమే వీరాయీ, మా వదిన పుట్టింటి తీపిని మీ ఇంటిదని పెట్టిండావే? పెరట్లో కూర్చోని చూసి దొంగిలిస్తివా?”

తంగం ముందుకొచ్చి, అది తన అవ్వ చిన్నప్పట్నుంచీ చేస్తున్నదేనంది. అట్లయితే అవ్వనే చెప్పమను అంది రామక్కాళ్. పందిరి కింద అందరూ తినడం ఆపేశారు.

వీరాయి నా వైపు చూసింది. ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి. నేను తల వంచుకుని నా కాలివేళ్ళకు అంటిన దుమ్ము చూసుకున్నాను.

“అమ్మణి ఇంట్లో చూసి నేర్చుకొంటిని తల్లీ. తప్పే” అంది వీరాయి.

తంగం తన అవ్వను చూసిన చూపు నాకు ఇప్పటికీ అన్నం ముందు గుర్తొస్తుంది. ఆ చూపు నామీద పడాల్సింది.

రామక్కాళ్‌ను ఇంటికి పంపి నేను వెనక్కి వచ్చాను. దొంగ అన్న మాటతో ఆ పిల్ల పెళ్ళి చెడితే పాపం నాదే. బావి దగ్గర చేతులు కడుక్కుంటున్న పెళ్ళికొడుకు తల్లిని పట్టుకుని, ఆ తీపి వీరాయిదే, తప్పు మా ఆడపడుచుది అని అరవంలో చెప్పాను. చూడండి నా తెలివి, అప్పుడు కూడా తప్పు మా ఆడపడుచుది అన్నాను.

ఆమె తాపీగా చేతులు తుడుచుకుంది. మేట్టుపాళయంలో చెట్లెక్కే వాళ్ళిళ్ళలో వేసవి వస్తే ఇంటింటా అదే చేస్తారట. ఆమె అత్తగారి అత్తగారూ చేసిందట. వీరాయి ఎందుకలా అందో మొదట ఎవరికీ అర్థం కాలేదట, నా మొహం చూశాక అర్థమైందట. పెళ్ళికేం భయం లేదని చెప్పి, నన్నే ఓదార్చినట్టు నవ్వి వెళ్ళిపోయింది. అంటే పందిరి కింద ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. తెలియంది మావాళ్ళకే. నాకు అక్కడే బావిలో దూకాలనిపించింది.

ఇంటికి పోయి మా ఇంటాయన ముందూ రామక్కాళ్ ముందూ ఉన్నదున్నట్టు చెప్పాను. తాటితోపు, ఏడుపు, ముల్లు, ఏలకగింజ, ఏదీ దాచలేదు.

రామక్కాళ్ కళ్ళొత్తుకుంది. “చూడు అన్నా, ఆ ముసలిదాన్ని కాపాడను తప్పు తనమీద వేసుకొంటుండాది. ఇట్లాంటి మనసు ఎవురికి వచ్చును?”

మా ఇంటాయన తలూపాడు. సందెవేళకు ఊరంతా నా మంచితనమే చెప్పుకుంది. ఇన్నాళ్ళూ అబద్ధం చెబితే ఊరు నమ్మింది, నిజం చెబితే మెచ్చుకుంది. ఆ మెప్పు వింటుంటే నామీద నాకే రోత పుట్టింది.

మర్నాడు పొద్దున ముంజలకని రామక్కాళ్‌ను వెంటబెట్టుకుని తోపుకు పోయాను. గుడిసె ముందు వీరాయి కాయలు చెక్కుతోంది. పక్కన తంగం.

“తంగం, అది మీ అవ్వదే. నాకు పదిహేనేండ్లప్పుడు ఈడనే నేర్పించె. దొంగిలించింది నేను” అన్నాను.

రామక్కాళ్ మళ్ళీ నా మంచితనం మొదలుపెట్టబోయింది. నేను వీరాయి ముందు నేలమీద కూర్చుని చెయ్యి చాపాను.

వీరాయి రామక్కాళ్‌ను చూసి, “ఇప్పుడేల అమ్మణీ ఇది” అని గొణిగింది. నేను చెయ్యి తీయలేదు. ఆమె ఒక ముంజ ఒలిచింది. ముల్లుతో పొడిచింది, పాకం పోసింది, ఏలకగింజ పెట్టింది. పొర ఎక్కడా చిరగలేదు.

“ఏడవకుండా తిను” అంది.

ఏడుస్తున్నానని ఆమె చెప్పేదాకా నాకు తెలియలేదు. తిన్నాను. పాకం మోచేతిదాకా కారింది. రామక్కాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసి, గిర్రున తిరిగి ఇంటిదారి పట్టింది. నా మాట నమ్మని మనిషి అది మాత్రం నమ్మింది.

తంగం నన్ను చూసి నవ్వలేదు. తుమ్మముల్లు కడిగి అవ్వ చేతికిచ్చి, తనకొకటి చెయ్యమని అడిగింది.