అందినదని పలికిన యంత్రము

ఆ దినము ఆషాఢ బహుళ తదియ. గౌతమీతీరమందలి వరదసూచన కార్యాలయమున దక్షిణామూర్తియు మెహరున్నీసాయు ఆవపెట్టిన పనసపొట్టు కూరతో మధ్యాహ్నభోజనము ముగించిరి. భార్య గతించిన పిమ్మట స్వయముగా వండుకొనుట నేర్చిన దక్షిణామూర్తికి ఆనాడు ఆవఘాటు సరిగా కుదురుటయే ఒక చిన్న అనుగ్రహముగా తోచెను. కిటికీ వెలుపల జలభారనమ్రములైన నీలమేఘములు కొబ్బరితోటలపై వ్రాలుచుండగా అరుణజలపూరితయైన గోదావరి ఆవలిగట్టును మెల్లమెల్లగా చెరిపివేయుచుండెను.

నదీమధ్యమున చామంతిలంక యను చిన్నద్వీపము కలదు. దక్షిణామూర్తి జావాభాషలో వ్రాసిన ప్రోగ్రాము కార్యాలయయంత్రమునుండి నదీమట్టమును కనిపెట్టుచుండును. మెహరున్నీసా పైథాన్ భాషలో వ్రాసిన ప్రోగ్రాము లంకలోని యంత్రమున సైరనును కాచుకొనియుండును. ఈ లంకప్రోగ్రాము ముందుగా కార్యాలయప్రోగ్రామునకు తన చిరునామా తెలిపి నీరు పెరిగినప్పుడు తన్ను అచట పిలువుమని కోరి ఊరకుండును. ఆ వేళ రాగానే కార్యాలయప్రోగ్రాము ఆ చిరునామాకు తిరుగుపిలుపు పంపవలెను; అది అందగానే సైరను మోగవలెను.

ఆ రాత్రి వరద రావచ్చునని ఎగువనుండి కబురు వచ్చెను. కరెంటు పోయినచో లంకలో ఫోనులు మూగవోవును గనుక సౌరబ్యాటరీతో నడచు సైరనే వారికి దిక్కు. దానిని నమ్మదగినచో లంకవాసులు పడవలు సిద్ధముగా ఉంచుకొని ఇండ్లలోనే నిద్రింపవచ్చును. నమ్మరానిచో చీకటిపడకముందే వానలో అందరును నది దాటవలెను. లంకలో సైరను బాధ్యత వహించిన నాగరత్నము ఇంట కూతురు పచ్చిబాలింతరాలై యుండెను.

దక్షిణామూర్తి పరీక్షార్థము పిలుపు పంపెను. తెరపై 'అందినది' అను మాట తక్షణమే వెలిగెను. ఫోనులో నాగరత్నము నవ్వెను.

"ఆయ్, ఏం మోగలేదండి. మా కోడిపుంజు కూసిందంతే."

"మీ జావా మాట నా పైథాన్‌కి సగమే అర్థమవుతోందేమో సార్," అని మెహరున్నీసా సందేహించెను.

"మొన్నటిదాకా రెండూ అక్కాచెల్లెళ్ళలా కబుర్లాడుకున్నాయి కదమ్మా!"

అయినను ఇరువురును రెండు భాషల నడుమ పోవు ప్రతిమాటను విప్పి చూచిరి. దోషమేమియు కానరాలేదు. వాన పెద్దదయ్యెను.

"సారూ, పడవోళ్ళు అడుగుతున్నారండి. ఎక్కేయమంటారా? పిల్లకి పొత్తిగుడ్డలు సర్దుతున్నానండి," అని నాగరత్నము మరల పిలిచెను.

"కాస్త ఆగమ్మా. ముందు నీ దగ్గరున్న మిషను పూర్తిగా ఆపెయ్యి."

"ఆపేత్తే ఎలా మోగుద్దండి?"

"మోగదు. అదే చూద్దామని."

లంకయంత్రము ఆగెను. ఆయన పిలుపు పంపెను. తెరపై 'అందినది' అని ఎప్పటివలెనే వెలిగెను.

మెహరున్నీసా గొంతు తగ్గించి "మరి పలికిందెవరు సార్?" అనెను.

ప్రారంభోత్సవమునాడు రెండు ప్రోగ్రాములను కార్యాలయయంత్రముననే నడిపి పరీక్షించియుండిరి. యంత్రమునకు కుంకుమబొట్టిడి కొబ్బరికాయ కొట్టి హారతి పట్టిన పిమ్మట పూజవేళ వెలిగినదానిని ఆర్పుటకు మనసొప్పక తెరమూలనున్న పరీక్షాప్రోగ్రామును, అనగా లంకప్రోగ్రాము నకలును, ఎవ్వరును మూయలేదు. సైరను మాత్రము లంకకు తరలిపోయెను. అచటికి కొనిపోయిన ప్రోగ్రామునందు కార్యాలయయంత్రపు చిరునామాయే మార్చక మిగిలిపోవుటచే ఆ యంత్రము లంకను పిలుచుచున్నాననుకొని తన్ను తానే పిలుచుకొనుచుండెను. బంతిపూలదండ చాటున నోరులేని పరీక్షాప్రోగ్రాము ప్రతిపిలుపునకును విధేయతతో బదులిచ్చుచుండెను.

"దండ వేసింది నేనే సార్. మూసేద్దామంటే చెయ్యి రాలేదు."

"నాకూ రాలేదమ్మా. ఇంట్లోనూ ఇంతే నేను. ఆవిడ పోయినా 'వింటున్నావా' అంటుంటాను. 'ఆఁ' అనేదీ నేనే."

మెహరున్నీసా నవ్వబోయి మానుకొని ఎండిన దండను మెల్లగా తొలగించెను. ఆయన చేతులు జోడించి ఆ ప్రోగ్రామును మూసి మరల పిలిచెను. 'పలుకువారు లేరు' అని తెర తెలిపెను. ఇన్నాళ్లకు నిజము పలికిన ఆ యంత్రముపై ఆయనకు వాత్సల్యము కలిగెను.

మెహరున్నీసా లంకచిరునామాను సరిదిద్ది పంపెను. నాగరత్నము యంత్రమును నడిపెను. దక్షిణామూర్తి పిలిచినంతనే ఫోనులో సైరను దీర్ఘముగా కూసెను. దాని వెనుకనే శిశురోదనము వినవచ్చెను.

"పిల్లని లేపేశారండీ! ఇక జోలపాట కూడా మీ మిషనే పాడాలండి."

"పడవలు విప్పొద్దని చెప్పమ్మా. ఇంట్లోనే పడుకోండి."

చీకటిపడువేళకు దక్షిణామూర్తి ఇల్లు చేరి గొడుగు మూలన పెట్టి అలవాటు చొప్పున "వింటున్నావా" అనెను. బదులు తాను పలుకలేదు. దూరమున నది పారుచుండెను. దానిమీదుగా లంకనుండి ఏ కూతయు రాలేదు. నాటికి ఆ మౌనము నమ్మదగినది. కొంతతడవు దానిని విని ఆయన చప్పుడు కాకుండ తలుపు మూసెను.