గవ్వలపేట మీద సముద్రం

మందుల షాపావిడ ఆ రాజ్యంలో వీధులకు వీధులే కట్టేస్తోందని ఎదురింటావిడ చెప్పిందట. దర్జీ భార్య ఆ ముక్కను కూరగాయల సంచితో పాటు మోసుకొచ్చి మొగుడి మిషన్ పక్కన దించింది.

"మీరిద్దరూ గీసిందాంట్లోనేనట. మా తమ్ముడు పక్కన కూర్చుని 'భలే, భలే' అంటున్నాడట."

"అననీ, నాకేం?" అన్నాడు దర్జీ. అని, కాలరు తిరగేసి కుట్టాడు.

రాజ్యమంటే కాగితం రాజ్యమే. నాలుగేళ్ల కిందట అతనూ బావమరిదీ నాలుగు చార్టులు అతికించి గీసుకున్నది. ఆదివారాలు దాని చుట్టూ చేరతారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలో వేషం పట్టి, పాచికలు విసురుతూ ఆ కొండలూ అడవులూ తిరుగుతారు. దర్జీది పడవవాడి వేషం. కట్టుబాట్లు రెండే. కొత్తగా ఏది గీసినా పెన్సిలుతో గీయాలి, అందరూ సరేనన్నాకే సిరా. సిరా పడిందంటే జరిగిపోయినట్టే, చెరపడం ఉండదు. ఇక ఎవరైనా ఆటకు రాకపోతే, వాళ్ల వేషగాణ్ణి జట్టు దగ్గర్లోని సత్రంలో పడుకోబెట్టి ముందుకు పోతుంది. మనిషి ఎప్పుడొస్తే వాడప్పుడు లేస్తాడు.

బడి యూనిఫారాలు నెత్తిన పడి దర్జీ మూడు నెలలుగా వెళ్లలేదు. తను లేకపోతే ఆట చప్పబడుతుందని లోపల్లోపల ఒక ధీమా. చప్పబడకపోగా రక్తికట్టిందని తెలిశాక అన్నం సయించలేదు.

మర్నాడు బావమరిది ఇంటికెళ్లాడు.

"ఏంటి బావా, దారి తప్పావా? కూర్చో, టీ పెడతా. పటం బల్లమీదే ఉంది, చూస్తూ ఉండు."

దక్షిణాన, 'తర్వాత చూద్దాంలే' అని నాలుగేళ్లుగా తను ఖాళీ వదిలేసిన మూల, పెన్సిలు గీతల్లో గవ్వలపేట. చీమతలంత అక్షరాలు. వలలల్లే వీధి, పైగదిలోంచి గురక వినిపించే సత్రం, ఒకే గంటను వంతులేసుకుని కొట్టే అక్కాచెల్లెళ్లు, వాళ్లిద్దరికీ మాటల్లేవు. తానులో నేతలోపం వెతికినట్టు అంగుళం అంగుళం వెతికాడు. దొరకలేదు. బాగుంది. అదే మండింది. పక్కన బావమరిది రాత: "భలే!" దర్జీ గీసిన ఊళ్ల పక్కన వాడు ఏనాడూ "సరే" దాటి రాయలేదు.

కొలతలు రాసుకునే పెన్ను తీసి, గవ్వలపేట మీద అలలు గీశాడు. ఒకటి, పది, ఇరవై. కింద రాశాడు: 'సముద్రం పొంగింది. ఊళ్లో ఒక్క ప్రాణీ మిగల్లేదు.'

"చూశావా ఆ పేట?" వంటింట్లోంచి బావమరిది గొంతు. "నువ్వు చూసి సరేనంటేనే సిరా పెట్టాలని మందుల షాపు మేడం ఒకటే పట్టు."

దర్జీ పటం మడిచి, టీ తాగకుండానే చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

ఆదివారం అందరికంటే ముందే వెళ్లి కూర్చున్నాడు, ఆవిడ మొహం ఎలా మాడుతుందో చూద్దామని. పటం విప్పారు. మందుల షాపావిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఎవరూ సరేననకుండానే సిరానా?" అన్నాడు నాలుగో ఆటగాడు లైన్‌మన్, దర్జీ రాతను గుర్తుపట్టి.

"పడ్డాక చెరపకూడదుగా," అంది ఆవిడ. కథ నడిపే వంతు ఆ రోజు ఆవిడదే. "సరే, మనం కొండమీదున్నాం. కింద అంతా నీళ్లు. గంట మాత్రం మోగుతోంది. అక్క దెయ్యమై కొడుతోంది. చెల్లెలి వంతు వచ్చినా ఆపడం లేదు."

లైన్‌మన్ ముందుకు వంగాడు. బావమరిది "భలే" అన్నాడు.

తను గీసిన సముద్రం కూడా ఆవిడ ఖాతాలోకే పోయింది. దర్జీ ఉండబట్టలేక పాచికలు లాక్కున్నాడు.

"ఆగండాగండి, నేనొచ్చాగా! నీళ్ల సంగతి మా పడవవాడు చూసుకుంటాడు. లేపండి వాణ్ణి. ఎక్కడ పడుకోబెట్టారు?"

"గవ్వలపేట సత్రంలో," అన్నాడు బావమరిది. "ఆ దిక్కున నిన్ను పడుకోబెట్టడానికి ఒక్క ఊరూ లేదనే కదా మేడం అది కట్టింది. ఒక్క ప్రాణీ మిగల్లేదని నువ్వే రాశావు బావా. చచ్చాడు."