గడికో ముడి

మా అత్తగారింట్లో ఎవరికీ ఏమీ అక్కర్లేదు. ఆఖరి చేప ముక్క గిన్నెలో చల్లారిపోతుంది గాని, "నాకు వెయ్యండి" అని ఒక్కరూ నోరు తెరవరు. నేనలాంటి దాన్ని కాను. కావాల్సింది అడిగి తీసుకుంటాను. అందుకే పెళ్ళయిన నాలుగు నెలలకు మా ఆయన అర్షద్, "ముందుగదిలో మగ్గం విప్పేసి ఆ గది మనం తీసుకుందాం" అనేసరికి ఒళ్ళు మండింది. అదంతా నాకోసమేనట. నేనడిగానా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

గది మీద ఆశ లేదంటే అబద్ధం. ఏలూరు తంగెళ్ళమూడిలో మాది రెండు గదుల డాబా. పెద్దది ముందుగది, దాని నిండా తివాచీలు నేసే మగ్గం, దాని పక్కనే మా అత్తమ్మ గౌసియా మంచం. వంటింటి పక్క గదిలో మేమిద్దరం. అందులో బీరువా తలుపు తెరవాలంటే ఒకరు మంచం ఎక్కాలి. అయినా ఆవిడ పెళ్ళయి వచ్చిన నాటి నుంచి కూర్చుంటున్న మగ్గాన్ని నా పేరు చెప్పి విప్పడమేమిటి?

అర్షద్ మాటలోనూ న్యాయం లేకపోలేదు. అత్తమ్మకు చూపు తగ్గింది. తివాచీ నమూనా గళ్ళ కాగితం మీద ఉంటుంది. గడికో ముడి. ఏ గడిలో ఏ రంగుంటే పడుగు దారం మీద ఆ రంగు ఉన్ని ముడి వేయాలి. ఆ సన్నటి గళ్ళన్నీ ఇప్పుడావిడకు ఒకదాన్లో ఒకటి కలిసిపోతున్నాయి. అద్దాలు మార్చినా ఇంతకంటే లాభం లేదని కంటి డాక్టరు చెప్పేశాడు.

నేను తాడేపల్లిగూడెంలో నరసరాజుగారి చేపల మేత కంపెనీలో పనిచేస్తాను. పొద్దస్తమానం కంప్యూటర్ షీట్లలో గళ్ళు నింపడమే నా ఉద్యోగం. ఒకరోజు భోజనాల వేళ ఖాళీ షీటు వైపు చూస్తుంటే, ఇవీ గళ్ళే కదా అనిపించింది. నమూనా కాగితం ఫొటో పక్కన పెట్టుకుని, షీటు అట్టడుగు వరస నుంచి రంగులు నింపడం మొదలెట్టాను. తివాచీ కిందనుంచి పైకి పెరుగుతుంది మరి. షీటు ఉండేది క్లౌడ్‌లో. ఆఫీసు కంప్యూటర్లో ఆపిన చోటు నుంచి సాయంత్రం రైల్లో ఫోన్లో అందుకునేదాన్ని. ఇంట్లో మగ్గానికి కట్టిన పాత ట్యాబ్‌లో అత్తమ్మ అదే షీటును వేళ్ళతో సాగదీసి, ఒక్కో గడినీ అగ్గిపెట్టెంత చేసుకుని చూసేవారు.

సంగతి విని నరసరాజుగారే తన కొత్తింటి హాల్లోకి ఒక తివాచీ చెప్పారు. "ఇదొక్కటీ నేయనీ. ఆయనకు నచ్చి ఇంకొకటి చెబితే మగ్గం ఉంటుంది. లేదంటే విప్పేద్దాం" అన్నాడు అర్షద్. అత్తమ్మ ఎప్పటిలాగే "మీ ఇష్టం నాయనా" అన్నారు.

ఆ షీటులో ఒక తమాషా ఉంది. నేను రైల్లో ఏ గడి ముట్టుకుంటే, అత్తమ్మ ట్యాబ్‌లో ఆ గడి చుట్టూ నా పేరుతో ఒక చట్రం కనబడుతుంది. భీమడోలు దగ్గర నా పేరు కదలగానే ఆవిడ నేత ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారట.

"ఎందుకండీ ఆపడం?" అన్నాను.

"నువ్వు పని చేసుకుంటుంటే మధ్యలో నేనెందుకమ్మా? ముందు నువ్వు కానివ్వు."

"ఇద్దరం ఒకేసారి చూడొచ్చండీ. దానికే ఆ షీటు."

"సరేనమ్మా" అన్నారు. మర్నాడూ ఆపారు.

తివాచీ సగం దాటాక ఆఫీసువాళ్ళు నన్ను మూడు రోజులు కలిదిండి పంపారు. చెరువుల్లో చేపల పట్టుబడి జరుగుతోంది, మేత నిల్వలు చూసి రావాలి. అక్కడ నాతో పనిచేసే గ్రేస్ వాళ్ళింట్లో ఉన్నాను. మొదటిరోజు చెరువు గట్టు మీద ఆటోలో వెళుతూ ఫోన్లో రంగులు నింపుతున్నాను. అక్కడ సిగ్నల్ ఉండదు. అయినా షీటు పనిచేస్తుంది, సిగ్నల్ దొరికాక మనం చేసిందంతా క్లౌడ్‌కి పంపుతుంది. గట్టు గుంతల్లో ఆటో ఎగిరిపడినప్పుడు నా బొటనవేలు జారి, మెరూన్ రంగు మధ్య ఒక వరసలో పచ్చ చార గీసింది. నేను గమనించలేదు. సాయంత్రం గ్రేస్ ఇంటికి రాగానే ఆ చార కూడా మిగతా రంగులతో పాటు మా ఇల్లు చేరింది.

రెండోరోజు పొద్దున చూసుకుని గతుక్కుమన్నాను. ఒక్క నొక్కు నొక్కితే పచ్చ పోయి మెరూన్ వచ్చేసింది. షీటులో ఉన్న సుఖం అదే, తప్పు చేసిన గుర్తు కూడా మిగలదు. అత్తమ్మ ఈలోగా ఆ వరస దాకా వచ్చి ఉండరులే అనుకుని నా పనిలో పడ్డాను.

మూడోరోజు మధ్యాహ్నానికి ఇల్లు చేరేసరికి మగ్గం మీద మెరూన్ మధ్య పచ్చ చార నిక్షేపంగా ఉంది. దాని పైన ఇంకో నాలుగు వేళ్ళ నేత లేచింది.

"ఇదేంటండీ అత్తమ్మా?"

"ఏదమ్మా?"

"ఈ పచ్చ."

"నువ్వు వేసిందే కదమ్మా."

"నిన్న పొద్దున్నే తీసేశానండీ. మీ ట్యాబ్‌లోనూ పోయే ఉంటుంది."

"పోయింది. చూశాను." ఆవిడ ఉన్ని ఉండ చుట్టుకుంటూ, "బస్సులో వచ్చావా? ఎండన పడి వచ్చావు, టీ పెట్టనా?" అన్నారు.

చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు. "తప్పని తెలిసే వదిలేశారా?" అన్నాను.

ఆవిడ ఉండను ఇంకో రెండు చుట్లు చుట్టారు.

"మొదట తెలీలేదమ్మా. ఏదో అనుకునే వేశావనుకున్నాను. నువ్వు తీసేశాక తెలిసింది. అప్పటికి ఒక్క వరసే. విప్పుదామని కొక్కెం చేతిలోకి తీసుకున్నాను కూడా." ఉండ చుట్టడం ఆగింది. "ఇలాగే ఉంటే రాజుగారు తీసుకోరు కదా అనిపించింది. అబ్బాయి మగ్గం విప్పేస్తాడు, నీకు గది వస్తుంది. రైల్లో కళ్ళు పొడుచుకుని నాకోసం రంగులు వేస్తున్న పిల్లకి గది ఇవ్వనని ఎలా చెప్పను? నువ్వు బాధపడవూ?"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నేను బాధపడతానని తన చేత్తో తన మగ్గాన్ని పోగొట్టుకుంటున్నారీవిడ. మా అమ్మ కూడా నన్నింత మొహమాటంగా ప్రేమించలేదు.

"మగ్గం పోతే రోజంతా ఏం చేస్తారండీ?"

"ఏదో ఒకటి చేస్తాను" అన్నారు, పడుగు దారాల మీద నుంచి చెయ్యి తీయకుండానే.

నేను వెళ్ళి ఆవిడ పక్కన బల్ల మీద కూర్చున్నాను.

"మామగారున్నప్పుడు నమూనా ఎవరు చూసేవారండీ?" హుస్సేన్ మామగారు మా పెళ్ళికి ముందే పోయారు. నేను ఆయన్ని ఎరగను.

"ఆయనేనమ్మా. కాగితం పట్టుకుని రంగులు పైకి చదివేవారు. నేను ముడులు వేసేదాన్ని."

"ఆయన చదివింది మీకు నచ్చకపోతే?"

"మగ్గం దగ్గర చదివేవాళ్ళదే మాట. ఎదురు చెప్పకూడదు."

"ఇప్పుడు చదువుతున్నదెవరు?"

ఆవిడ నావైపు చూశారు. "నువ్వే."

"అయితే వినండి. ఈ నాలుగు వేళ్ళూ విప్పేద్దాం. గది నాకు కావాలి, అబద్ధమెందుకు? కానీ ఇది కాదు. డాబా మీద రేకులు వేసి గది కట్టించమని మీ అబ్బాయితో నేను చెబుతాను. మీరు చెప్పలేరు."

అత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని కొక్కెం అందుకున్నారు.

అర్షద్ వచ్చేసరికి ఇద్దరం ముడులు లాగుతున్నాం. కింద ఉన్ని ముక్కలు కుప్పపడ్డాయి.

"ఏమైంది? ఎవరి తప్పు?"

"నాదే" అన్నాం ఇద్దరం ఒకేసారి.

అతను మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఇంకేం అడక్కుండా కింద కూర్చుని రంగులు వేరుచేయడం మొదలెట్టాడు. రేకుల సంగతి అక్కడే చెప్పేశాను. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా" అన్నాడు.

పచ్చ చార దాకా విప్పేసరికి పొద్దు వాలింది, ట్యాబ్‌లో చార్జింగు అయిపోయింది. నా ఫోన్లో షీటు తెరిచి పైకి చదివాను. "మెరూన్ ఆరు, నలుపు ఒకటి, మెరూన్ రెండు..."

మొదటి వరసకు ఆవిడ కాస్త తడబడ్డారు. తర్వాత వేళ్ళు వాటంతటవే అందుకున్నాయి. వేశారో లేదోనని చూస్తే, ఆవిడ కళ్ళు మూసుకుని ముడులు వేస్తున్నారు. గడి తప్పడం లేదు. నేను చదవడం ఆపేశాను.

"ఏమైందండీ, కళ్ళు మూసుకున్నారు?" అన్నాను.

"ఏం లేదమ్మా, చదువు. కొంచెం నిదానంగా చదువు. మీ మామగారూ ఇలాగే తొందరపెట్టేవారు."