ఒత్తిగిలిన గిటార్

మా పాప తేజస్విని సంచి జిప్పు తీసి గిటార్‌ను మంచం మీద పెట్టగానే మా ఆయన మురుగేష్ నోట వచ్చిన మొదటి మాట, "ఏం పాపా, ఇది వంకరగా ఉండాదే?"

నిజమే. గిటార్ అంటే నడుము దగ్గర రెండు పక్కలా సమంగా నొక్కినట్టు ఉంటుందని మేం అనుకుంటాం. దీనికి ఒక పక్క నొక్కు పైకి, ఇంకో పక్క నొక్కు కిందికి జరిగి ఉంది. మెడ కూడా పొట్టి.

"ఇది అట్లానే చేస్తారు నాయనా. నిద్రలో ఒత్తిగిలిన మనిషి మాదిరి లేదూ?" అని పాప నవ్వింది.

ఆయన నవ్వలేదు. మేం నగరిలో మరమగ్గాల వాళ్ళం. ఇంటి వెనక రేకుల షెడ్డులో మగ్గాలు ఆడుతుంటాయి. చీర మడత విప్పితే ఆయన ముందు చూసేది రంగు కాదు, అంచు నిటారుగా వచ్చిందా, అడ్డంగా నేసే పేక పోగు ఎక్కడైనా వాలిందా అని. వెంట్రుకవాసి వాలినా ఆ చీర పక్కకు పడాల్సిందే. దాన్ని సెకండ్స్ అంటారు.

ఆ సెకండ్స్ అనే మాట మా పాప విషయంలో ఆయన అసలు సహించడు. బడికి వెళ్ళే రోజుల్లో సంచి కుట్టు కొంచెం పక్కకు పోతే దాన్ని తీసుకుని మళ్ళీ కొట్టుకు వెళ్ళి మార్పించేవాడు. చెప్పుల జత రెండింటినీ అరుగు మీద పక్కపక్కన పెట్టి చూసేవాడు. చూసేవాళ్ళకు అది చాదస్తం. కారణం నాకు తెలుసు. పాప బడిలో చేరకముందే ఎడమచేతి చిటికెన వేలు మగ్గం బెల్టులో పడింది. వేలు దక్కింది గానీ నడిమి కణుపు దగ్గర వంగినది వంగినట్టే ఉండిపోయింది. అప్పుడు మగ్గం దగ్గర ఉన్నది ఆయనే. తర్వాత షెడ్డు గుమ్మానికి చెక్క తడిక కట్టాడు. పాప ఇప్పుడు తిరుపతిలో డిగ్రీ చదువుతోంది, అయినా ఆ తడిక తియ్యలేదు. ఆ వేలి ఊసు మాత్రం మా ఇంట్లో ఎవరమూ ఎత్తం.

వంటింట్లో నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పాప గిటార్ ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చుంది.

"ఇన్ని ఉండగా దీన్నే ఎందుకు తెచ్చుకున్నావే?"

"మొదట సూపుకే ఆగిపోయినా మా. తిరుపతిలో హరినాథన్న గిటార్ల కొట్లో గోడకు అన్నీ ఒకే మాదిరి వేలాడతా ఉన్నాయి. ఇదొక్కటే ఎవురి మాటా విననట్టు ఉండాది. సరే సూద్దామని ఒళ్ళో పెట్టుకున్నా. జారిపోలా. ఒంపు తొడమీద కుదురుకునింది, మెడ దానంతటదే చేతి కాడికొచ్చింది."

"పొట్టిది గదా, చిన్నపిల్లలదేమో?"

"అందరూ అట్లే అనుకుంటారు. మెడ పొట్టిదైతే దానిమీది మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి మా. తీగ బిగువు కూడా తక్కువ, మెత్తగా వంగుతాది. పెద్దవాటి మీద నాకు అందనిది దీనిమీద అందుతాది."

ఏది అందదో, ఎందుకు అందదో తను చెప్పలేదు. నేనూ అడగలేదు. తన వేళ్ళు మెట్ల మీద పరుచుకోవడం చూశాను. ఆ వంగిన వేలు కూడా మిగతా వాటితో పాటు వెళ్ళి, తన తీగ మీద తాను ఆనింది. ఇన్నాళ్ళూ కాలేజీ బృందంలో పాపను పాటకే ఉంచారు. "నువ్వు పాడు తేజూ, గిటార్ మేం సూసుకుంటాం" అనేవాళ్ళట. ఈ గిటార్ వచ్చాక వాయించి చూపిస్తే ఒప్పుకున్నారు. వచ్చే వారం వార్షికోత్సవంలో పాట మొదలయ్యేది తన చేతి మీదనే.

మరునాడు పొద్దున పాప వడమాలపేటలో స్నేహితురాలు భానుప్రియ నిశ్చితార్థానికి వెళ్ళింది. అది బస్సెక్కిందో లేదో, ఈయన ఆటోలో చీరల మూటల పక్కన గిటార్ సంచి పెట్టాడు.

"ఇదెందుకండీ?"

"తిరుపతికి సరుకు ఏసేదానికి పోతా ఉండా గదా. ఆ కొట్టోడిని అడిగొస్తా. ఆడపిల్ల ఒక్కతే పోతే సెకండ్స్ అంటగట్టినాడు."

"అది లోపం కాదు. దాని తీరే అంత. పాప చెప్పింది గదా."

"పాపకేం తెలుసు? నాయన నొచ్చుకుంటాడని అట్ల చెప్పింటాది." సంచి జిప్పు లాగి, జేబులోంచి టేపు తీసి గిటార్ మీద అడ్డంగా పరిచాడు. "సూడు. ఈ పక్కకూ ఆ పక్కకూ ఎంత తేడానో. నువ్వు బి.ఎ. చదివినావు గానీ మగ్గం ఎక్కలేదు లక్ష్మీ."

"మెడ పొట్టిగా ఉంటేనే దాని చేతికి..." అన్నాను. అక్కడితో నా నోరు ఆగిపోయింది. తర్వాత రావాల్సిన మాట వేలు.

"దాని చేతికేమి?" అన్నాడు ఆయన, టేపు చుడుతూ.

"ఏం లేదు. సాయంత్రం అదొచ్చినాక అడిగి తీసకపోండి."

"అడిగితే వద్దంటాది. తెచ్చి ఎదురుగా పెడితే దాని మొగం సూడాల నేను." ఆటో కదిలింది.

పాపకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేస్తే ఎత్తి, "మా, ఈడ మేళం, ఏమీ వినపడలా, మళ్ళ చేస్తా" అని పెట్టేసింది. తిరుపతి దారి వడమాలపేట మీదుగానే. ఆ మేళం పక్కనుంచే ఆయన గిటార్‌తో వెళ్ళిపోయి ఉంటాడు. ఆయనకు చేస్తే, "వస్తా ఉండా లే" అన్నదొక్కటే జవాబు.

సాయంత్రం పెద్ద సంచి దించాడు. లోపల నల్లటి గిటార్, నిగనిగలాడుతోంది. రెండు పక్కలా కొలిచినట్టు సమానం. మెడ పొడుగు.

"మొదట ఒప్పుకోలేదు. అదట్లే చేస్తారు సార్ అంటాడు. టేపు పెట్టి చూపించినా. ఇంకేం మాట్లాడతాడు? మార్చిచ్చినాడు." పెళ్ళివారి ముందు చీర పరిచినట్టు మంచం మీద జాగ్రత్తగా పెట్టాడు.

నేను పెరట్లోకి వెళ్ళి, పాప ఇచ్చి ఉంచిన కొట్టు నంబరుకు ఫోన్ చేశాను.

"అయ్యో, అది మధ్యాన్నమే అమ్ముడుపోయిందమ్మా" అన్నాడు హరినాథ్. "బెంగళూరు బస్సు కోసం ఉన్న అబ్బాయి ఒకడు చూసినాడు. ఒళ్ళో పెట్టుకున్నాడు, ఇంక దించలా. వాటితో అంతే. సూపుకు వస్తారు, చెయ్యి ఇడిసిపెట్టదు."

"అట్లాంటిది ఇంకొకటి?"

"ఎవురో వాడి అమ్మింది నా కాడికొచ్చిందమ్మా. మళ్ళీ ఎప్పుడొస్తాదో చెప్పలేను. సార్‌కి నేను చెప్పినా."

నిశ్చితార్థం నుంచి వచ్చిన పాప చెప్పులు విడుస్తూనే మంచం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను చూపు దించుకున్నాను.

"పాతది యాడ నాయనా?"

"ఇచ్చేసినా. ఇంక ఎవురూ నిన్ను మోసం చెయ్యలేరు. వాయించు పాపా, ఇందాం."

షెడ్డులోకి వెళ్ళి మగ్గాలన్నీ ఆపి వచ్చాడు. పండగకూ అమావాస్యకూ తప్ప మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఉండదు. పాప గిటార్ ఒళ్ళోకి తీసుకుని పాట మొదలుపెట్టింది. మొదటి వరస బాగానే వచ్చింది. రెండోదాంట్లో ఒక తీగ మోగక టక్కుమంది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే టక్కుమంది.

రొదలో కూడా ఏ మగ్గంలో పోగు తెగిందో వినే చెవి ఆయనది. "ఆ ఒక్కటీ ఇంకోసారి" అన్నాడు.

పాప మూడు వేళ్ళు ఆనించి నాలుగోదాన్ని సాచింది. అది మెట్టు దాకా వెళ్ళలేదు. భుజం ముందుకు వంచి చూసింది. నుదుటి మీద చెమట పట్టింది.

"దీంట్లో కూడా ఏందో లోపం ఉన్నట్టుండాదే. రేపే తీసకపోతా. వాడిని..."

"లోపం దాంట్లో లేదు నాయనా" అంది పాప, చెయ్యి తియ్యకుండానే.

ఆయన గిటార్‌ను చూశాడు. మెడ వెంట చూపు కదిలి, వేళ్ళ దగ్గరికొచ్చి, చివరి వేలి దగ్గర ఆగింది. ఆ వేలి వైపు ఆయన అలా తేరిపార చూడడం నేను ఎప్పుడూ ఎరగను.

"ఆ పాతది పొట్టిగా ఉన్నిందనే..." అన్నాడు. 

"పరవాలేదులే నాయనా. నేను పాట పాడతా."

ఆయన లేచాడు. మళ్ళీ మగ్గాలు వేస్తాడనుకున్నాను. తడిక దగ్గర నిలబడి ఫోన్ తీశాడు. కళ్ళజోడు లేక నంబరు కోసం తడుముకుంటున్నాడు. ఆ వంకర గిటార్ ఎక్కడికి పోయిందో హరినాథ్‌ను అడగబోతున్నాడు.

జవాబు నాకు తెలుసు. ఆయన చెవి దగ్గర ఫోన్ మోగుతుంటే వింటూ గుమ్మంలో నిలబడ్డాను.